గురువారం ఆరు గంటల ఢిల్లేశ్వరి

వారధి విశ్వవిద్యాలయానికి గోడల్లేవు, గంట లేదు, బెంచీల్లేవు. ఉన్నదల్లా ఫోనులో ఒక నీలం గుర్తు. దాని మీద బొటనవేలు పెడితే తరగతి తెరుచుకుంటుంది. పలాస పక్కనున్న పల్లెలో ప్రభుత్వ బడిలో చదివి, ఇంటర్ గట్టెక్కిన మడ్డు ఢిల్లేశ్వరి ఆ ఏడు అందులో చేరింది. పాఠాలంటే ఆమెకు భయం లేదు. భయమంతా ఇరవై మార్కుల గురించే.

చదువుకి ఎనభై, కలివిడికి ఇరవై. ఇళ్లలో కూర్చుని చదివే పిల్లలు ఒంటరివాళ్లయిపోతున్నారని ఎవరో పెద్దలు ఆలోచించి పెట్టిన నియమమది. ఐదుగురు విద్యార్థులు ఒక జట్టు. ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి జట్టంతా ఫోన్లలో కలవాలి. ముఖం కనబడాలి, నోరు తెరవాలి. ఫోన్ నంబర్లు మాత్రం ఇచ్చిపుచ్చుకోకూడదు. ఆడపిల్లల భద్రత కోసమట.

ఢిల్లేశ్వరికి నోరు తెరవడం పెద్ద పని. బడిలో పేరు పిలిచినప్పుడు ఆమె పలికిన "ప్రెజెంట్ సార్" పక్కన కూర్చున్న పిల్లకు తప్ప సారుకి ఏనాడూ వినబడలేదు. చెప్పాలనుకున్నదంతా రాత్రి డైరీలో రాసుకునేది. దానికి తోడు ఆ వేళ్లు. వాళ్లమ్మతో పాటు జీడిపిక్కల షెడ్డులో పని చేసేది. పిక్క పగిలినప్పుడల్లా పెంకులోని జిగురు చేతికంటుతుంది. వేళ్లు నల్లబడతాయి, తోలు పొరలు పొరలుగా లేస్తుంది. ఎంత తోమినా పోదు.

ఊళ్లో సిగ్నల్ సరిగ్గా అందేది ఆ షెడ్డులోనే, పడమటి కిటికీ పక్కన పేర్చిన గోనె బస్తాల మీద. మొదటి గురువారం అక్కడే ఎక్కి కూర్చుంది, చేతులు ఒక ఖాళీ సంచి కింద దాచుకుని. గంటసేపట్లో ఆమె అన్నవి రెండే మాటలు, తన పేరూ ఊరి పేరూ.

రెండో గురువారం తెరలోంచి ఒక పిల్ల అడిగింది. "ఏందమ్మే, మీ ఊళ్లో మాటలు కూడా రేషన్లో ఇస్తారా?"

అందరూ నవ్వారు. ఢిల్లేశ్వరికి కోపం రావాల్సింది. రాలేదు. ఆ అడిగిన తీరులో, రా, నువ్వూ వచ్చి నవ్వు, అన్న పిలుపేదో ఉంది. ఆ పిల్ల పేరు సువార్త. మార్కాపురంలో చర్చి వెనకాల వాళ్లకి పలకల షెడ్డు ఉంది.

మూడో గురువారం సువార్త ఒక పలక ఎత్తి చూపించింది. దాని మీద సుద్దతో ఈ కొస నుంచి ఆ కొస దాకా 'ఢిల్లేశ్వరి' అని రాసి ఉంది.

"చూడు. పలకే చాలట్లా. ఇంత పెద్ద పేరు పెట్టుకుని ఇంత చిన్నగా మాట్లాడతావేంది పిల్లా?"

ఆ రాత్రి ఢిల్లేశ్వరి డైరీలో నాలుగు పేజీలు రాసింది. చివరి వాక్యం ఇది: సువార్త ఎక్కడికి రమ్మన్నా వెళ్తాను, ఎంత దూరమైనా.

*

వానలు మొదలయ్యాయి. గాలి వీస్తే సిగ్నల్ పోయేది. పల్లెటూరి విద్యార్థుల కోసమని విశ్వవిద్యాలయం అప్పుడే పూరకం అనే కొత్త సదుపాయం తెచ్చింది. లైను తెగిన ఆ కొద్ది క్షణాలూ విద్యార్థి ముఖాన్నీ గొంతునీ అదే కల్పించి, ఆ విద్యార్థి ఏమని ఉండేదో ఊహించి పలుకుతుందట. ఊహ బాగా కుదరాలంటే 'మీ సొంత రాతలు ఇవ్వండి, ఎంత ఎక్కువైతే అంత మంచిది' అని అడిగింది. ఢిల్లేశ్వరికి సొంత రాతలంటే డైరీలే. ఒక నోటుబుక్కు పేజీ పేజీకీ ఫోటో తీసి పంపింది.

ఆ వారం సువార్త జట్టులో ఒక ఆట పెట్టింది. "ఒక్కొక్కరు చెప్పండి. మీకు దేనికి భయం?"

ఢిల్లేశ్వరి వంతు వచ్చేసరికి తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. లైను పోయింది. హమ్మయ్య అనుకుంది. కొద్దిసేపటికి ముఖాలు మళ్లీ కనిపించాయి. నలుగురూ ఆమెనే చూస్తున్నారు. సువార్త కళ్లు తడిగా ఉన్నాయి.

"అమ్మే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా ఆ మాట?" అంది.

కానీ ఢిల్లేశ్వరి ఏ మాటా చెప్పనే లేదు. తెర అడుగున చిన్న అక్షరాలు: 'ఎనిమిది సెకన్లు పూరించబడినవి.' సభ ముగిశాక ఆ అక్షరాల మీద నొక్కితే ఆ ఎనిమిది సెకన్లూ ఒక్కసారి వినిపించాయి. తన గొంతే, కానీ తడబాటు లేదు. "నాను మాటాడితే అందరూ నా నల్లటి ఏళ్లే సూత్తారని భయం. అందుకే నోరిప్పను. సేతులు దాసుకుంటే మాట కూడా దాగిపోతాది."

డైరీలోని మాటే అది. వింటుంటే తన బట్టలు ఎవరో వీధిలో ఆరేసినట్టనిపించింది. మరుసటి క్షణం సువార్త తడికళ్లు గుర్తొచ్చాయి. తన కోసం ఇంట్లోవాళ్లు కాక ఇంకొకరు కన్నీళ్లు పెట్టుకోవడం అదే మొదటిసారి.

మిగిలిన ఆరు నోటుబుక్కులూ ఆ ఆదివారమే పంపేసింది.

మరుసటి గురువారం తెర మీద రెండు గుర్తులొచ్చాయి. 'నేను మాట్లాడతాను.' 'పూరకం మాట్లాడుతుంది.' మొదటిదాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. వీళ్లకి నచ్చింది ఆ ఎనిమిది సెకన్ల పిల్ల. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆ పిల్ల పోతుంది. రెండోది నొక్కింది.

ఆ తర్వాత గురువారాలు బస్తాలెక్కడం మానేసింది. ఫోను పక్కన పడేసి పిక్కలు కొట్టేది. పూరకం విశ్వవిద్యాలయం యంత్రాల్లోంచే మాట్లాడేది. దానికి ఆమె ఫోనుతో పని లేదు. ఏడింటికి సారాంశం వచ్చేది.

'హాజరు: పూర్తి. మీరు మాట్లాడిన సమయం: 22 నిమిషాలు. సువార్త మీ మాటలకు 9 సార్లు నవ్వింది. స్నేహబలం: 58.'

తొమ్మిది సార్లు! ఏ మాటకు నవ్విందో? దాని మీద నొక్కితే 'గోప్యత దృష్ట్యా సంభాషణలు భద్రపరచబడవు' అని వచ్చింది. తనే వేసిన హాస్యానికి తనే నవ్వలేక ఆ రాత్రి చాలాసేపు కప్పు చూస్తూ పడుకుంది.

వాళ్లమ్మ ఒకరోజు కనిపెట్టింది. "ఒలే ఢిల్లీ, గురారం గురారం బస్తాలెక్కి కూకునేదానివి. ఇప్పుడేటే ఇక్కడున్నావ్? సదువు మానీసినావేటి?"

"లేదమ్మా. అది మాటాడతాంది."

"ఏది?"

"నానే. నాలాటిది."

"నీలాటిదా?" అమ్మ పిక్క కత్తి మీద చెయ్యి ఆపింది. "అయితే దాన్నొచ్చి పిక్కలు కొట్టమను. నువ్వెల్లి మాటాడు."

షెడ్డులో ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఢిల్లేశ్వరి కూడా నవ్వింది. కానీ ఆ మాట ములుకులా దిగింది. ఎందుకు కాకూడదు? వెళ్లి మాట్లాడితే ఏమవుతుంది?

ఆ గురువారం చేతులు కడుక్కుంది, జడ వేసుకుంది, బస్తాలెక్కింది. 'నేను మాట్లాడతాను' నొక్కింది. బొటనవేలు పెట్టమంది. పెట్టింది. 'గుర్తించబడలేదు.' జీడి జిగురు తినేసి వేలి మీద గీతలే లేవు. ఇదివరకు నాలుగైదు సార్లు తుడిచి పెడితే ఎలాగో పట్టేది. ఆ రోజు పట్టలేదు. గొంతుతో రుజువు చేసుకోమని ఒక వాక్యం చూపించింది. చదివింది. ఆత్రంలో గొంతు వణికింది.

'మీ స్వరం ఢిల్లేశ్వరి స్వరంతో సరిపోలలేదు. దయచేసి ఢిల్లేశ్వరిని పిలవండి.'

మళ్లీ చదివింది. మళ్లీ అదే. రెండు నెలలుగా వారం వారం గంటసేపు ఢిల్లేశ్వరి పేరున వినబడుతున్న గొంతు వేరు. యంత్రం దాన్నే అసలుగా పెట్టుకుంది.

సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"మేడమ్, మీ ఖాతా బాగానే ఉందండి. ఢిల్లేశ్వరి గారు ఇప్పుడు సభలోనే ఉన్నారు, చక్కగా మాట్లాడుతున్నారు."

"అది నాను కాదండి. నాను ఇక్కడున్నాను."

"మీరు వారికి ఏమవుతారు మేడమ్?"

ఢిల్లేశ్వరి ఫోను పెట్టేసింది.

*

తర్వాత షెడ్డులో పని ముమ్మరమైంది. పెద్ద సరుకు దిగింది. తెల్లారితే పిక్కలు, పొద్దుగూకితే పిక్కలు. సారాంశాలు వచ్చినవి వచ్చినట్టే పడున్నాయి. అసలు కారణం పని కాదు. తను లేని స్నేహం గురించి చదవడం ఆమెకు కడుపుమంటగా ఉంది.

సెప్టెంబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం, కూడు తిన్నాక, వరసగా తెరిచింది.

'సెప్టెంబరు 4. సువార్త ఒక కాలేజీలో ఉచిత సీటు ఇంటర్వ్యూకి ఎంపికైంది. సోమవారం విజయవాడ వెళ్లాలి. ఒంటరిగా వెళ్లడానికి భయపడుతోంది. మీరు అక్కడి స్టేషన్లో కలిసి తోడు వస్తానని మాట ఇచ్చారు. స్నేహబలం: 84.'

'సెప్టెంబరు 11. సువార్త స్టేషన్లో ఐదు గంటలు మీ కోసం ఎదురుచూసింది. ఇంటర్వ్యూ తప్పిపోయింది. స్నేహబలం 71కి తగ్గింది. మీరు క్షమాపణ చెప్పారు. కారణం: అమ్మకు జ్వరం. చదువు మానవద్దని ధైర్యం చెప్పారు. క్షమాపణ అంగీకరించబడింది. స్నేహబలం: 88.'

'సెప్టెంబరు 18. సాధారణ సంభాషణ. స్నేహబలం: 93.'

ఢిల్లేశ్వరి ఫోను ఒళ్లో పెట్టుకుంది. పూరకం అబద్ధపు మాటేమీ ఇవ్వలేదు. ఎంత దూరమైనా వెళ్తానని రాసుకుంది తనే. యంత్రం దాన్ని చదివింది, చెప్పింది. దానికి కాళ్లు లేవు, అంతే. కాళ్లున్నది తను. ఆ సోమవారం ఆ కాళ్లు షెడ్డులో కత్తి పీట తొక్కుతూ ఉన్నాయి.

అమ్మకు అంతా చెప్పింది. పూర్తిగా అర్థమైందో లేదో గానీ ఒక్క ముక్క మాత్రం ఆవిడకి బాగా పట్టుకుంది.

"నాకు జొరమేటి? ఇనపగుండులాగున్నాను! నన్నడక్కుండా నాకు జొరమెట్టేసినాదేటి ఆ ముండ?"

"నాను ఎల్తానమ్మా. ఆ పిల్ల కాళ్లు పట్టుకుని నిజం సెప్పుకుంటాను."

"ఎక్కడికే? ఎన్నడైనా శ్రీకాకుళం దాటినావేటి? ఆ గుంట నీకేటవుద్దని?"

"నాకోసం ఐదు గంటలు నిల్చున్నాదమ్మా. నాకోసం ఇంకెవులు నిల్చుంటారు?"

పొద్దున్న చూస్తే సంచిలో జీడిపప్పు బద్దల పొట్లం పెట్టి ఉంది. "ఉత్త సేతుల్తో ఎల్లకు," అంది అమ్మ, అటు తిరిగి.

*

రైల్లో కిటికీ పక్కన కూర్చుని చెప్పాల్సిందంతా నోటుబుక్కులో రాసుకుంది. కొట్టేసి మళ్లీ రాసింది. మొదటి వాక్యం: అమ్మకు జ్వరం రాలేదు. బడిలో పద్యం బట్టీ పట్టినట్టు పట్టింది. విజయవాడలో రైలు మారింది. స్టేషన్లో నిలబడి, సువార్త ఎక్కడ నిలబడి ఉంటుందో అని ఆ జనంలో ఒక్కొక్క స్తంభాన్నీ చూసింది.

గురువారం నాలుగు దాటాక మార్కాపురంలో చర్చి వెనకాల షెడ్డు దొరికింది. బూడిదరంగు దుమ్ములో రాతి పలకలు దొంతులుగా ఉన్నాయి. ఒకావిడ చెక్కచట్రాలు బిగిస్తోంది. అలికిడికి తలెత్తింది.

"ఎవురమ్మా? యాడ నుంచి?"

ఢిల్లేశ్వరి నోరు తెరిచేలోపే లోపలి నుంచి కేక వినబడింది. మోచేతుల దాకా దుమ్ముతో సువార్త పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"అమ్మే! చెప్పా పెట్టకుండా వచ్చేశావేందే! పోయిన వారం కూడా ఒక్క ముక్క అనలా నువ్వు! అమ్మా, ఈ పిల్లేనే ఢిల్లేశ్వరి. నేను చెప్తానే, ఆ పిల్ల!"

వాళ్లమ్మ లేచి చెంగుతో పీట తుడిచింది. సువార్త ఆపకుండా మాట్లాడుతోంది. ఢిల్లేశ్వరి వింటోంది. ఎన్ని సంగతులో! తను ఏదో కోతి కథ చెప్పిందట, మూడు రోజులు నవ్వుకున్నారట. సువార్త కోసం ఒక పాట కట్టిందట. అన్నిటికీ తల ఊపింది.

"మీ అమ్మకి జ్వరం తగ్గిందా?" అంది సువార్త.

బట్టీ పట్టిన మొదటి వాక్యం నాలుక చివరికి వచ్చింది. ఎదురుగా ఆ ముఖం, ఎన్నాళ్లుగానో కావాలనుకున్న ముఖం, తనకేసి చూసి నవ్వుతోంది. ఇంకొక్క నిమిషం అలాగే ఉండనీ అనిపించింది.

"తగ్గింది," అంది.

"హమ్మయ్య. అమ్మా, ఇట్టా కూర్చో." సువార్త వాళ్లమ్మను పక్కకు లాగింది. "ఆ రోజు స్టేషన్ నుంచి వచ్చి చదువు మానేస్తానని పుస్తకాలు కట్టేశానా? నాయన కూడా సరే, షెడ్డుకి రమ్మన్నాడా? అప్పుడు ఈ పిల్ల ఒక మాట చెప్పింది. ఆ మాటకే మళ్లీ పుస్తకం తెరిచా. నేను చెప్తే అంత బాగా రావట్లా. నువ్వు చెప్పవే, మా అమ్మ వింటది."

వాళ్లమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వినడానికి సిద్ధమైంది.

ఢిల్లేశ్వరి నేల చూసింది. ఆ మాటేమిటో సారాంశంలో లేదు.

"చెప్పు, సిగ్గా?"

"నాకు... తెల్దు."

"తెలీకపోవడమేంది? నీ మాటేగా!"

"అది నాను కాదు." అంది ఢిల్లేశ్వరి. "అది పూరకం. సానా వారాల్నించి అదే. నాను షెడ్డులో పిక్కలు కొడతన్నాను."

సువార్త నవ్వింది. కాస్సేపటికి నవ్వు ఆగిపోయింది. పూరకం సంగతి అందరికీ తెలుసు. నాలుగైదు సెకన్ల గతుకులు పూడ్చుకోవడానికని తెలుసు.

"పలక చూపించిన రోజు?"

"అది నానే."

"భయం గురించి చెప్పిన రోజు?"

ఢిల్లేశ్వరి తల అడ్డంగా ఊపింది.

"మరి స్టేషన్లో నేను ఎవురికోసరం నిలబడ్డా?"

"నాకోసమే. నువ్వక్కడ ఉన్నావని నాకు తెల్దు. తెలిస్తే వొచ్చీదాన్ని."

"జ్వరం?"

"రాలేదు."

వాళ్లమ్మ మెల్లగా లేచి లోపలికి వెళ్లిపోయింది. సువార్త ఒక చట్రం తీసుకుని, దాని మూలలు వేలితో తడిమింది.

"నిన్ను తిట్టాలన్నా నాకు దారి కనపళ్లా," అంది చివరికి. "మాటిచ్చింది నువ్వు కాదు. తప్పింది నువ్వు కాదు. సారీ చెప్పింది నువ్వు కాదు, నా ఏడుపు విన్నదీ నువ్వు కాదు. ఏమీ చేయందానివి, ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"నీకు సారీ సెప్పడానికి."

"అది అయిపోయిందిగా."

ఢిల్లేశ్వరి సంచిలోంచి పొట్లం తీసి పీట మీద పెట్టింది. రైల్లో రాసుకున్నదంతా గుర్తుంది. కానీ ఆ వాక్యాలన్నీ ఇప్పటికే ఎవరో ఇంతకన్నా బాగా చెప్పేశారని తెలిశాక, ఒక్కటీ పైకి రాలేదు.

అప్పుడు సువార్త ఒళ్లో ఫోను మోగింది. ఆరు. జట్టులో అందరికన్నా ముందు, తెర మీద ఢిల్లేశ్వరి ముఖం వెలిగింది. జడ నున్నగా ఉంది, కళ్లు నవ్వుతున్నాయి.

సువార్త ఫోను వంక చూసింది. ఎదురుగా ఉన్న పిల్ల వంక చూసింది. లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

రేకుల షెడ్డు. మాటలు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎవురో పిల్ల వచ్చిందే. నువ్వేనంట. నీతో ఇన్నాళ్లూ మాట్లాడింది తను కాదంట. ఏం చేయమంటావు?"

జవాబుగా ఢిల్లేశ్వరికి తన గొంతే వినబడింది. తడబాటు లేని గొంతు, ఎంతో మెత్తగా.

"అదేలే సువార్తా, నిజమే సెప్పింది. దాని మీద కోప్పడకు. ఆ గుంటకి మాటలు రావు. లోపల సానా ఉంటాది, బయటికి రాదు. ఎంత దూరం నుండొచ్చిందో, ఏటి తిన్నదో ఏటో. ముందు కూడెట్టు."

సువార్త ఏడుస్తోంది. ఏడుస్తూనే ఏదో అంది. దానికి ఆ గొంతు ఏదో చమత్కారం చెప్పింది. ఏడుపు మధ్యలో సువార్త ఫక్కున నవ్వింది. ఏం చెప్పిందో ఢిల్లేశ్వరికి వినబడలేదు. చెవి రిక్కించింది. వినబడలేదు.

కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. సువార్త చేతిలో కంచం ఉంది, అన్నం, పప్పుచారు, పక్కన నంజుకోవడానికి మిరపకాయ. చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. కంచం పలకల దొంతి మీద పెట్టింది. ఢిల్లేశ్వరి ముఖంలోకి చూడకుండా చెప్పింది.

"తినమంటోంది."

మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

ఢిల్లేశ్వరి కంచం ఒళ్లోకి తీసుకుంది. అన్నం కలుపుకుంది. లోపల ఇద్దరు స్నేహితురాళ్లు మాట్లాడుకుంటున్నారు. వాళ్లకి అడ్డం రాకూడదన్నట్టు, చప్పుడు కాకుండా తింది.